పదకొండు నెలల కౌలు, మూడేళ్ల ఎరువు

(ప్రొద్దుటూరులో విద్యార్థులు, ఉద్యోగులు కలిసి ఏర్పాటు చేసుకున్న సభలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)



ఈ సభకు రమ్మన్నప్పుడు కేసీ కాలువ నీళ్ల మీద మాట్లాడమన్నారు. నీళ్ల లెక్కలు చెప్పడానికి ఈ వేదిక మీద నాకన్నా పెద్దలున్నారు. టీఎంసీలు, క్యూసెక్కులు, ట్రిబ్యునళ్లు వాళ్లు చెప్తారు. నేను అడగాలనుకున్నది ఇంకొకటి. నీళ్ల కోసం కొట్లాడతాం సరే, ఆ నీళ్లొచ్చిన మడిలో మనం ఏం వేస్తున్నాం? ఆ మడి ఇంకా ఎన్నేళ్లు పండుతుంది? అందుకని ఈ పూట నా ఉపన్యాసం పేడ గురించి. ముందు వరసలో పిల్లలు నవ్వుతున్నారు. నవ్వండి, పర్వాలేదు. డిగ్రీ చదివేటప్పుడు నేనూ నవ్వినోణ్ణే.

2025 ఖరీఫ్ గుర్తుంది కదా. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో తెలంగాణలోనూ, మన ఆంధ్రప్రదేశ్‌లోనూ యూరియా కోసం రైతులు బారులు తీరారు. తెల్లారకముందే పోయి, నిలబడలేక చెప్పులు వరుసలో పెట్టి పక్కన కూలబడ్డారు. ఆ ఫోటోలు మా పత్రికల వాళ్లం అచ్చేశాం. పాలకులను తిట్టాం. తిట్టాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఒక ప్రశ్న మేం అడగలేదు. ఆ వరసలో నిలబడ్డ మనిషి ఇంటి వెనకాల ఉండాల్సిన దిబ్బ ఏమైంది?

మా జేజి పొద్దున్నే కొట్టం ఊడ్చి పేడ, ఎద్దులు తినగా మిగిలిన మేత, పొయ్యిలో బూడిద అన్నీ గంపకెత్తి దిబ్బ మీద పోసేది. ఎండాకాలంలో ఆ దిబ్బను తవ్వి బండ్ల మీద చేనికి తోలేవాళ్లు. ఇప్పుడు ఆ దిబ్బ ఉన్న చోట మేం బాత్రూము కట్టుకున్నాం, పక్కన మోటారు సైకిల్ పెట్టుకుంటున్నాం. ఎద్దులు అమ్మేశాం. దున్నడానికి ట్రాక్టరు వస్తుంది, కోతకు మిషను వస్తుంది. అవి పేడ వేయవు. ఇందులో ఎవరినీ తప్పుపట్టడం లేదు. ఎద్దుల వెనక నడిచిన మనిషికి ట్రాక్టరు ఎక్కే హక్కుంది. అయితే ఎద్దులతో పాటు ఇంకేం పోయిందో లెక్క వేసుకోవాలి కదా.

ఒక విడ్డూరం చెప్తాను. జాన్ అగస్టస్ వోల్కర్ అనే ఇంగ్లండు రసాయన శాస్త్రవేత్తను మన వ్యవసాయం మీద నివేదిక ఇమ్మని 1889లో ఇక్కడికి పంపించారు. దేశమంతా తిరిగి 1893లో పుస్తకం అచ్చేశాడు. ఇక్కడి రైతుకు వ్యవసాయం తెలియదని ఆయన అనలేదు. వంటచెరుకు లేక పేడను పిడకలు చేసి కాల్చుకుంటున్నారు, అందుకే పొలానికి ఎరువు చాలడం లేదన్నాడు. ఇప్పుడు ఇంటింటికీ గ్యాసు పొయ్యి వచ్చింది. పిడకలు కొట్టే పని తప్పింది. మిగిలిన పేడ పొలానికి పోవాలి కదా? గ్యాసు వచ్చేసరికి పశువులు పోయినాయి.

మూడు ఊర్లు, ఒకే దిబ్బ

ఇక్కడ ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడు చోట్ల నుంచీ వచ్చిన వాళ్లున్నారు. మూడూ ఒకే జిల్లా. నేలలు మాత్రం ఒకటి కాదు. వరి అంటే ప్రధానంగా ఈ ప్రొద్దుటూరు వైపు. సుంకేసుల దగ్గర తుంగభద్రలో మొదలై కర్నూలు, నంద్యాల దాటి మనదాకా వచ్చే కేసీ కాలువను 1860లలో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తవ్వించింది. పడవలు నడిపి బాడుగలు, నీళ్లిచ్చి పన్నులు, రెండువైపులా సంపాదించాలనుకున్నారు. అది సాగక 1882లో సర్కారు దాన్ని కొనుక్కుంది. ఆ నీళ్ల కింద దువ్వూరు, మైదుకూరు, చాపాడు, ప్రొద్దుటూరు చుట్టుపక్కల నల్లరేగడిలో తరాల తరబడి వరే. 1986లో బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి బీపీటీ 5204, అదే సాంబ మసూరి, వచ్చిన తర్వాత మన దిక్కు సన్నబియ్యం అంటే చాలావరకు అదే. బజారులో దాన్ని కర్నూలు సోనా అని అమ్ముతారు.

జమ్మలమడుగు వైపు మైలవరం నీళ్ల కింద కొంత తప్పితే రేగడిలో శనగ, జొన్న, పత్తి. పులివెందుల చీనీ తోటల దేశం, అరటి తోటల దేశం. మరి వరి మడికీ చీనీ తోటకూ సంబంధమేంది అంటారు. ఉంది. మన వరి ఊర్లలో ఇంకా ఇద్దరు ముగ్గురు బర్రెలు పెట్టుకున్నోళ్ల దిబ్బలు ఎక్కడికి పోతున్నాయో చూడండి. పక్కనున్న మడికి పోవడం లేదు. ట్రాలీలకెక్కి తోటలకు పోతున్నాయి. నేను చూసి అడిగాను కూడా. తోట రైతు డబ్బిచ్చి కొనుక్కుపోతున్నాడు, మడి రైతు ఊరికే ఇచ్చినా తోలుకోవడం లేదు. తోట రైతు తెలివైనోడు, మడి రైతు తెలివితక్కువోడు అనుకుందామా? అది కాదు. దీని సంగతి చివర్లో చెప్తాను. నా ఉపన్యాసం మొత్తం దానికోసమే.

ముందు యూరియా సంగతి. మూటలో 45 కిలోలుంటాయి. 2018కి ముందు 50 కిలోలుండేవి. అందులో 46 శాతం నత్రజని, అంటే మూటకు దాదాపు 21 కిలోలు. మూట ధర 266 రూపాయల 50 పైసలు. కిలో నత్రజని 13 రూపాయల లోపే పడుతుంది. దీంతో ఏ పేడా పోటీ పడలేదు. పైగా పాలకుల లెక్క చూడండి. 1992 ఆగస్టులో భాస్వరం, పొటాష్ ఎరువుల మీద ధరల అదుపు ఎత్తేశారు, యూరియా మీద ఉంచారు. 2010లో పోషకాన్ని బట్టి సబ్సిడీ అన్నారు, అప్పుడూ యూరియాను బయట పెట్టారు. 2022 నాటికి డీఏపీ మూట 1,350, పొటాష్ మూట 1,700, యూరియా మాత్రం అదే 266. నువ్వు రైతువైతే ఏం వేస్తావు? ‘రైతులు విచక్షణ లేకుండా యూరియా గుప్పిస్తున్నారు’ అని మీటింగుల్లో చెప్పే అధికారులకు నేనొకటే చెప్తాను. రైతు విచక్షణతోనే వేస్తున్నాడు. ధరలు మీరు నిర్ణయించినారు, ఆ ధరలకు తగిన విచక్షణే అతనిది.

కానీ ఆ మూటలో పైరుకు చేరేదెంత? నీళ్లు నిలబెట్టిన మడిలో చల్లిన నత్రజనిలో పైరు తీసుకునేది మామూలుగా మూడో వంతు, మహా అయితే ఐదింట రెండు వంతులు. మిగతాది ఏమవుతుంది? మన రేగడి నేలల్లో సున్నం పాలు ఎక్కువ. ఇలాంటి నేలలో నిలబడ్డ నీళ్లలో యూరియా వేస్తే చాలా భాగం అమ్మోనియా వాయువై గాలికి పోతుంది. కొంత నేల లోపలికి దిగిపోతుంది. కొంత బురదలోని సూక్ష్మజీవుల పాలై మళ్లీ గాలిలోకే పోతుంది. మన ఇంటి బాకీ తీరకముందే మన ఎరువు ఆకాశానికి పోతోందన్నమాట. పోయినదాన్ని పూడ్చడానికి ఇంకో మూట. పైరు నల్లగా నవనవలాడుతుంది. అప్పుడు అగ్గితెగులు వస్తుంది, సుడిదోమ వస్తుంది. సాంబ మసూరి ఈ రెంటికీ ముందే లోకువ. పురుగుమందు అంగడి వాడు పక్క అంగడి వాడికి రుణపడి ఉండాల్సింది ఇక్కడే.

ఇంకో మాట, మధ్యలో వచ్చింది కాబట్టి. యూరియా మూట కావాలంటే దానితో పాటు ఇంకేదో సీసా కొనాలని కొన్నిచోట్ల లింకు పెట్టారని రైతులు మొత్తుకున్నారు. ద్రవరూప నానో యూరియా మొదట వచ్చిన అర లీటరు సీసాలో 4 శాతం నత్రజని. అంటే 20 గ్రాములు. మూటలో ఉన్నది 20 కిలోలు. ఆ 20 గ్రాములు ఆకు మీద పడి ఎంత పనిచేస్తాయన్నది శాస్త్రవేత్తలు తేల్చుకోనీండి. లెక్కల పరీక్ష రాసిన పిల్లలు ఇంతమంది ఉన్నారు కాబట్టి చెప్పాను.

పేడ ఒక్కటే చాలదు

ఇంతసేపు చెప్పింది విని, అయితే యూరియా మానేద్దాం, పాతకాలానికి పోదాం అనుకునేవాళ్లు మనలో ఉంటారు. ముఖ్యంగా ఉద్యోగులు. జీతమొచ్చే వాళ్లకు సేంద్రియం మీద ప్రేమ ఎక్కువ. ఆ లెక్కా చూద్దాం.

ఎకరాకు 75 కిలోల బస్తాలు 30 పండినాయనుకుందాం. గింజా గడ్డీ కలిపి నేల నుంచి సుమారు 40, 45 కిలోల నత్రజని తీసుకుంటాయి. బాగా మాగిన పశువుల ఎరువు టన్నులో ఉండేది 5 కిలోలు. అందులోనూ మొదటి పంటకు అందేది మూడో వంతే, మిగతాది తర్వాతి పంటలకు మెల్లగా విడుదలవుతుంది. అంటే పేడతోనే మొత్తం నడపాలంటే మొదటి ఏడు ఎకరాకు 25 టన్నులు కావాలి. ఒక పశువు ఏడాది పొడుగునా ఇచ్చే మాగిన ఎరువు రెండు టన్నుల లోపే. ఎకరాకు పన్నెండు పశువులు! వాటి మేతకు ఇంకెన్ని ఎకరాలు కావాలో మీరే చెప్పండి.

ఇంగ్లండులో రోథామ్‌స్టెడ్ అనే చోట 1843 నుంచి ఒకే పొలంలో గోధుమ వేస్తూ లెక్క రాసుకుంటున్నారు. అక్కడ ఒక భాగానికి ఏటేటా ఎకరాకు 14 టన్నుల పశువుల ఎరువు వేస్తున్నారు. నేల బ్రహ్మాండంగా ఉంది, మామూలు మడుల కన్నా రెట్టింపుకు పైగా సేంద్రియ కర్బనం చేరింది. కానీ 14 టన్నులు ఏటా ఎక్కడి నుంచి తెస్తాం? ఆ పొలంలోనే తేలిన ఇంకో సంగతి మనకు పనికొచ్చేది. ఈకాలం గోధుమ రకాలకు ఆ పశువుల ఎరువు మీద కొంత రసాయన నత్రజని కలిపినప్పుడే దిగుబడి పైకి పోయింది.

బలవంతంగా ఒక్కసారి ఆపేస్తే ఏమవుతుందో శ్రీలంక చూపించింది. 2021 మే నెలలో రాత్రికి రాత్రి రసాయన ఎరువుల దిగుమతి నిషేధించారు. వరి రైతు చేతిలో ప్రత్యామ్నాయం లేదు. పండించే దేశం బియ్యం కోసం బయటికి చెయ్యి చాచింది. నవంబరుకల్లా నిషేధం ఎత్తేశారు, కానీ పంట పోయిన రైతుకు ఆ నెలలు తిరిగిరాలేదు.

మన పులివెందులలోనే 2022లో ప్రకృతి వ్యవసాయ పరిశోధన కోసం ఇండో-జర్మన్ అకాడమీ వచ్చింది. ఘనజీవామృతం, ద్రవజీవామృతం, వానలకు ముందే నవధాన్యాలు చల్లడం, ఇవన్నీ మన రాష్ట్రంలో పెద్ద ఎత్తున చేయిస్తున్నారు. వాళ్లను నేను తక్కువ చేయను. సొంత భూమి, ఒక ఆవు, ఇంట్లో నలుగురు పనిచేసే మనుషులు ఉన్న కుటుంబాలు దాంతో నిలబడొచ్చు. కానీ కేసీ కాలువ కింద ఐదెకరాలు గుత్తకు తీసుకుని, ముందే డబ్బు కట్టి, నాట్లు ఎప్పుడవుతాయో తెలియని మనిషికి ‘మందు మూట ముట్టుకోకు’ అని చెప్పే ధైర్యం నాకు లేదు. అతనికి ఒక్క పంట పోతే ఊరొదిలి పోవాలి.

అతనికి కావాల్సింది రెండూ కలిపి వాడే దారి. ఇది రాజీ బేరం అనుకోవద్దు. రెండూ కలిస్తే విడివిడిగా చేయని పని చేస్తాయి. భారత వ్యవసాయ పరిశోధన మండలి 1970లో దేశమంతా దీర్ఘకాల ఎరువుల ప్రయోగాలు మొదలుపెట్టింది. తెలంగాణలో జగిత్యాలలో వరి తర్వాత వరి వేసే నల్లరేగడిలో 2000 నుంచి అలాంటి ప్రయోగం నడుస్తోంది. ఈ ప్రయోగాల్లో దేశమంతా మళ్లీ మళ్లీ కనబడ్డది ఒకటే. నత్రజని ఒక్కటే వేసిన మడి ఏళ్లు గడిచేకొద్దీ వెనకబడింది. నత్రజని, భాస్వరం, పొటాష్‌లతో పాటు పశువుల ఎరువు కూడా అందుకున్న మడి ముందుంది.

ఎందుకు? నాటిన మొదటి వారాల్లో పైరుకు చటుక్కున ఆహారం కావాలి, అది యూరియా ఇస్తుంది. పొట్టకొచ్చే వేళకు యూరియా ఖాళీ, అప్పుడు ఎరువు మెల్లగా విడుదలవుతూ ఉంటుంది. మాగిన ఎరువు అమ్మోనియాను పట్టి నిలుపుతుంది, గాలికి పోనీయదు. ఇంకా జింకు సంగతి. నాటిన రెండు మూడు వారాలకు ఆకు మీద తుప్పు మచ్చలు, పైరు గిడసబారడం మీ నాయనలందరికీ తెలుసు. అది తెగులు కాదు, జింకు లోపం అని 1966లో పంత్‌నగర్‌లో వై.ఎల్. నెనె తేల్చాడు. సున్నం నేలల్లో, భాస్వరం ఎక్కువ గుప్పించిన మడుల్లో ఇది ఎక్కువ. పేడ ఎరువులో జింకు కొంచెమే ఉన్నా, నేలలో ఉన్నదాన్ని పైరుకు అందేట్టు చేస్తుంది. లోపం ఎక్కువుంటే ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు ఆఖరి దమ్ములో వేయాలి, భాస్వరం మూటతో కలిపి మాత్రం వేయకూడదు.

మడిలో చేసేది

మీ ఊరికి పోయి చెప్పడానికి కొన్ని సంగతులు. ఇవి నేను కనిపెట్టినవి కావు, వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు ఏళ్లుగా చెప్తున్నవే. ఊటుకూరు కృషి విజ్ఞాన కేంద్రానికి పోతే ఇంకా వివరంగా చెప్తారు.

ఎకరాకు నాలుగు టన్నుల మాగిన ఎరువు, అంటే రెండు ట్రాలీలు అనుకోండి, దమ్ముకు ముందు వేసి కలియదున్నాలి. మాగినది అని నొక్కి చెప్తున్నా. పచ్చి పేడ, పచ్చి గడ్డి తెచ్చి నీళ్ల మడిలో తొక్కితే అది కుళ్లేటప్పుడు నేలలో ఉన్న నత్రజనిని అదే లాక్కుంటుంది. పైరు పచ్చబడుతుంది. రైతు ‘ఎరువేస్తే పైరు చెడింది’ అంటాడు. అతను చెప్పింది అబద్ధం కాదు, మాగని ఎరువు చేసిన పని అది. దానితో కలుపు గింజలు, పురుగులు కూడా వస్తాయి. అందుకే దిబ్బను ఎండకు, వానకు ఆరబోసినట్టు వదలకూడదు. గుంతలో వేసి పైన మట్టి కప్పాలి. ఎండిన దిబ్బలో సత్తువ సగం ముందే పోయి ఉంటుంది.

ఈ నాలుగు టన్నుల్లో 20 కిలోల నత్రజని ఉన్నా మొదటి పంటకు ఆరేడు కిలోలే అందుతాయి. కాబట్టి మొదటి ఏడాదే యూరియా బాగా తగ్గించేయమని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. అదే పని మూడేళ్లు వరసగా చేస్తే, పాత ఎరువు, కొత్త ఎరువు కలిసి మూటకు దగ్గరగా యూరియా తగ్గించొచ్చు. ఈ మూడేళ్ల మాట గుర్తుపెట్టుకోండి.

తొందరగా ఫలితం చూపేది పచ్చిరొట్ట. ఎకరాకు పది, పన్నెండు కిలోల జీలుగ విత్తనం చల్లి, 45, 50 రోజులకు పూత వచ్చే వేళ దమ్ములో తొక్కేస్తే ఎకరాకు 25 కిలోల దాకా నత్రజని చేరుతుంది. మూటకు పైనే. చౌడు తగిలిన మడికి జీలుగ మరీ మంచిది. తొక్కిన తర్వాత వారం, పది రోజులు మురగనిచ్చి నాటాలి. మా అబ్బల కాలంలో కానుగాకు, జిల్లేడు, వేపాకు కోసుకొచ్చి మడిలో తొక్కేవాళ్లు, అదీ ఇదే. జీలుగకు మనకున్న అడ్డంకి కాలువే. నీళ్లు జులైలోనో ఆగస్టులోనో ఎప్పుడొస్తాయో తెలియదు. వచ్చిన మరుసటి రోజే అందరూ నాట్ల మీద పడతారు, జీలుగకు 45 రోజులెక్కడివి? దీనికి ఒక దారుంది. మొదటి వానల తేమకే విత్తనం వేసేస్తే రేగడి ఆ తేమను పట్టి ఉంచుతుంది. జూన్ వాన మోసం చేస్తే విత్తనం పోతుంది, అది నిజం. నీళ్లు ఏ తేదీకి వదులుతారో ముందే చెప్పమని అడగడం కూడా సత్తువ పోరాటంలో భాగమే.

జమ్మలమడుగు వైపు నుంచి వచ్చిన మిత్రులకు గొర్రెల మందల సంగతి చెప్పనక్కర్లేదు. కోతలైన తర్వాత కొన్ని రాత్రులు మందను మడిలో ఆపిస్తే పేడ, మూత్రం రెండూ నేలకే పడతాయి. తోలే ఖర్చు లేదు. గొర్రెల ఎరువు పశువుల ఎరువు కన్నా చిక్కన.

యూరియా వేసేటప్పుడు మడిలో నీళ్లు తీసేసి బురద పదునులో వేయాలి, ఒకటిన్నర, రెండు రోజుల తర్వాత పలుచగా నీళ్లు పెట్టాలి. 50 కిలోల యూరియాకు 10 కిలోల వేపపిండి కలిపి, లేదంటే 250 కిలోల తేమ మట్టి కలిపి రెండు రోజులు ఉంచి చల్లితే వృథా తగ్గుతుంది. ఒక్కసారే గుమ్మరించక నాట్లప్పుడు, దుబ్బు చేసేటప్పుడు, అంకురం వేసేటప్పుడు పంచి వేయాలి.

గడ్డి గురించి ఒక్కమాట. వరి తీసుకున్న పొటాష్‌లో ఐదింట నాలుగు వంతులు గింజలో ఉండదు, గడ్డిలో ఉంటుంది. గడ్డి అమ్మినా, కోత మిషను వదిలింది కాల్చినా పొటాష్ మూటలు అమ్మినట్టే, కాల్చినట్టే. తర్వాత డబ్బు పెట్టి అదే పొటాష్ కొనుక్కురావాలి. మన దేశంలో పొటాష్ గనులు తవ్వడం లేదు, మొత్తం బయటి దేశాలదే.

కాగితం సంగతి

ఇప్పుడు మొదట దాచిపెట్టిన ప్రశ్న. పేడ మడికి పోకుండా తోటకు ఎందుకు పోతోంది?

చీనీ చెట్టు ఇరవై ఏళ్లుంటుంది. తోట వేసిన వాడు ఆ నేల తనది కాబట్టి వేశాడు. ఈ ఏడు వేసిన ఎరువు మూడేళ్లకు ఫలితమిచ్చినా తినేది తనే. వరి మడిలో ఇప్పుడు నడక వేరు. భూమి ఒకరిది, సాగు ఇంకొకరిది. మన దిక్కున గుత్త అంటాం, కోరు అంటాం. ఈ ఏడు ఉన్న గుత్తదారు వచ్చే ఏడు ఉంటాడో లేదో తెలియదు. అతను రెండు ట్రాలీల ఎరువు కొని వేస్తే మూడో వంతు తనకు, మూడింట రెండు వంతులు వచ్చే ఏడు వచ్చే గుత్తదారుకు. ఏ బుద్ధిమంతుడు వేస్తాడు? 266 రూపాయల మూట ఈ పంటలోనే పనిచేసి ఈ పంటలోనే అయిపోతుంది. యూరియా స్వభావం, కౌలు స్వభావం రెండూ ఒకటే.

చట్టం కూడా అలాగే ఉంది. 2011లో భూఅధీకృత సాగుదారుల చట్టం వచ్చింది. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. యజమాని ఒప్పుకుంటే కౌలుదారుకు కార్డిస్తారు. కార్డు ఎన్నాళ్లు? పదకొండు నెలలు. పన్నెండు నెలలు రాస్తే ఎక్కడ హక్కు పుట్టుకొస్తుందో అని భయం. భూమి యజమానుల భయాన్ని చూసి రాసిన చట్టం అది. నేల సత్తువకు కావాల్సింది మూడేళ్లు. ఈ రెంటి మధ్యనే మన మడి చౌడుబారుతోంది.

ఆ యజమానులెవరు? ఎక్కడో హైదరాబాదులో, బెంగుళూరులో ఉన్న పెద్దోళ్లు కొంతమంది. మిగతావాళ్లు ఎవరో చెప్తే మీకు కోపమొస్తుంది. ఈ హాల్లో ఉన్న ఉద్యోగుల్లో ఎంతమందికి ఊర్లో రెండెకరాలు, మూడెకరాలు మడి ఉంది? ఎంతమంది గుత్తకిచ్చారు? చేతులెత్తమని అడగను. నేనే ముందు ఎత్తాలి. మా నాయన పోయిన తర్వాత మా మడి గుత్తకిచ్చాం. మూడేళ్లలో ముగ్గురు గుత్తదారులు మారినారు. మొదటి మనిషి జీలుగ వేస్తానని విత్తనానికి సగం ఇమ్మంటే నేను ఇవ్వలేదు. పత్రికలో రైతుల మీద వ్యాసం రాసి పంపిన వారమే అది. వచ్చే ఏడు ఇంకొకరు బస్తా ఎక్కువిస్తానంటే అతన్ని తీసేశాను. ఇప్పుడు ఆ మడిలో నాట్లు వేసిన ఇరవై రోజులకే తుప్పు మచ్చలొస్తున్నాయి.

కాబట్టి పాలకులను అడగాల్సింది అడుగుదాం. పేడకూ పచ్చిరొట్ట విత్తనానికీ యూరియాకిచ్చే సబ్సిడీలో కొంతైనా ఇమ్మందాం. కౌలు కార్డు మూడేళ్లకు ఇమ్మందాం. అవి వచ్చేలోపు మనం చేయగలిగింది ఒకటుంది, దానికి ఏ జీవో అక్కర్లేదు. మీ గుత్తదారును పిలిచి మూడేళ్లు నువ్వే చెయ్యి అని చెప్పండి. నోటిమాట చాలదంటే పెద్దమనుషుల ముందు చెప్పండి. మొదటి ఏడాది ఎరువు ఖర్చులో సగం మీరు పెట్టండి. ఆ నేల మీది, సత్తువ మీ నేలకే చేరుతుంది. విద్యార్థి మిత్రులు సెలవులకు పోయినప్పుడు మీ ఊరి సొసైటీలో కూర్చుని ఎకరాకు ఎన్ని మూటలు పోతున్నాయో, ఎంతమంది దగ్గర దిబ్బ ఉందో, ఎవరి మడి ఎవరు చేస్తున్నారో రాసుకు రండి. ఆ లెక్క ఏ ఆఫీసులోనూ లేదు. మీరు తెస్తే నేను అచ్చేస్తాను.

మా మడి మాట అడుగుతారేమో. మొదటి గుత్తదారు ఇంటికి పోయిన నెల పోయినాను. ఆయన మాట్లాడలేదు, వాళ్ల ఆడమనిషి కాఫీ ఇచ్చింది. వానలు పడగానే జీలుగ వేద్దామన్నాను, విత్తనం మొత్తం నేనే తెస్తానన్నాను. ‘ఎన్నేళ్లకిస్తావు నాయనా’ అని ఆయమ్మే అడిగింది. మూడేళ్లకని చెప్పి వచ్చినాను. సెలవు.